సరంగు నోటి మాట



పాపికొండల దాకా బోటు నడిపే ఏ సరంగునైనా నీళ్ళ అడుగున రాయి ఎక్కడుందో అడగండి, వేలు పెట్టి చూపిస్తాడు. పోయిన వరదకి ఏ ఇసుక తిప్ప ఎటు జరిగిందో, ఏ మలుపులో నీరు లోపలికి లాగుతుందో, ఎర్ర నీరు దిగిన కొత్తలో దుంగలు ఏ వారన కొట్టుకొస్తాయో అన్నీ చెబుతాడు. అదే సరంగుని, "నీ బోటెక్కిన డెబ్భై మందికీ బయల్దేరే ముందు ఏం చెబుతావయ్యా?" అని అడగండి. ఓ నవ్వు నవ్వుతాడు. "మనమేం చెబుతామండీ, మైకు పట్టుకున్న కుర్రాడు చెబుతాడు కదా" అంటాడు. ఆ మైకు కుర్రాడు చెప్పేది భోజనంలో ఏమేం వడ్డిస్తారో, పాటల కార్యక్రమం ఎన్నింటికో.

చిన్న ప్రయాణికుల పడవలు నడిపేవాళ్ళకి ఎలాంటి శిక్షణ కావాలన్నది ఈ పూట మన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సరంగులకి నది గురించి నేర్పాల్సింది కొంచెమే. మనుషుల గురించి నేర్పాల్సింది చాలా ఉంది. శిక్షణ ముఖ్యంగా కావాల్సింది వాళ్ళ నోటికి.

పడవ ప్రమాదాలు జరిగిన ఊళ్ళ పేర్లు మనకి బాగానే గుర్తుంటాయి. 2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం సాయంత్రం, కృష్ణ మీద ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని బోటు ఒకటి తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. ఆర్నెల్లు తిరిగాయో లేదో, 2018 మే 15న, కొండమొదలు నుంచి రాజమండ్రి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర ఈదురుగాలికి మునిగింది. 2019 సెప్టెంబరు 15, మళ్ళీ ఆదివారమే, దేవీపట్నం మండలం కచ్చులూరు మందం దగ్గర రాయల్ వశిష్ఠ బోటు పోయింది. ఆ వేళ గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతోంది. క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. లెక్క కట్టండి, సెకనుకి కోటీ నలభై లక్షల లీటర్లు. ఆ నీటిలోంచి 26 మంది బతికి బయటపడ్డారు. కచ్చులూరు గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్ళి లాగబట్టి బయటపడ్డారు. దాదాపు యాభై మంది దక్కలేదు. బోటుని పైకి తీయడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం రావాల్సి వచ్చింది. అక్టోబరు 22 దాకా పట్టింది.

ఒక్కోదానికి ఒక్కో కారణం. కారణం ఏదైనా, పడవ ఒరగడం మొదలయ్యాక చేతిలో మిగిలేది చాలాసార్లు నిమిషం కూడా ఉండదు. ఆ వ్యవధిలో కొత్త సంగతి ఎవరూ నేర్చుకోలేరు. రేవులో ఉన్నప్పుడు చెవిన పడిందే అప్పుడు గుర్తుకొస్తుంది.

సరే, మాటల దగ్గరికి వద్దాం. ముందు కుడి ఎడమల సంగతి. నదికి కుడి గట్టు, ఎడమ గట్టు అనేవి నీరు పారే వైపు మొహం పెట్టి నిలబడి చెప్పే లెక్క. రాజమండ్రి నుంచి ఎగువకి వెళ్తుంటే దేవీపట్నం మన కుడి చేతి వైపు వస్తుంది, కానీ అది గోదావరికి ఎడమ గట్టు. పోలవరం మన ఎడమ చేతి వైపు ఉంటుంది, అది కుడి గట్టు. ఇప్పుడు అణియం మీద, అంటే పడవ ముందు కొన మీద, కాపలా నిలబడ్డ ఖలాసీ వెనక్కి తిరిగి సరంగుని చూస్తూ "కుడి పక్కన దుంగ!" అని అరిచాడనుకోండి. ఎవరి కుడి? నది కుడా, సరంగు కుడా, వెనక్కి తిరిగి ఉన్న ఖలాసీ కుడా? సరంగు ఆ ఆలోచన తెమిల్చుకునే లోపల దుంగ వచ్చి తగులుతుంది.

సముద్రం మీద నావికులు ఈ గొడవ ఎప్పుడో తేల్చేసుకున్నారు. అమరం, అంటే పడవ వెనక కొన, దగ్గర నిలబడి అణియం వైపు చూస్తే ఎడమ పక్క పోర్టు, కుడి పక్క స్టార్‌బోర్డు. మనిషి ఎటు తిరిగినా, పడవ ఎటు పోతున్నా, ఆ పక్కల పేర్లు మారవు. చీకటి పడ్డాక పోర్టు పక్క ఎర్ర దీపం, స్టార్‌బోర్డు పక్క పచ్చ దీపం, వెనక తెల్ల దీపం. ఎదురుగా వచ్చే పడవవి ఎరుపూ పచ్చా రెండూ కనబడుతుంటే అది నేరుగా మన మీదకే వస్తోందని అర్థం. అప్పుడు ఇద్దరూ తమ తమ కుడికి తప్పుకోవాలి. మన నదుల మీద పోర్టు, స్టార్‌బోర్డు అనే వాడాలని నాకు పట్టుదల లేదు. కానీ బోటు కుడి వైపు కమ్మీలకి పచ్చ రంగు, ఎడమ వైపు కమ్మీలకి ఎర్ర రంగు వేయిస్తే బాగుంటుందని నేను చాలాచోట్ల చెబుతూ వచ్చాను. అప్పుడు ఖలాసీ "పచ్చ పక్కన దుంగ" అంటాడు. ప్రయాణికులకి "ఎర్ర కమ్మీ వైపు వాళ్ళు కూర్చునే ఉండండి" అని చెప్పొచ్చు. రంగు డబ్బాలు రెండు కొంటే సరిపోయే పని.

చుక్కాని గురించి ఇంకో సంగతి. మన నాటు పడవల్లో చుక్కాని కర్రని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది. ఇంజను బోటులో చక్రం కుడికి తిప్పితే బోటు కుడికే పోతుంది. చిన్నప్పటి నుంచి కర్ర పట్టినవాడు చక్రం ముందుకు వచ్చాక, మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ పడడు. కంగారు పుట్టినప్పుడే పాత అలవాటు పైకొస్తుంది. ఇది మన ఊరి బెడద ఒక్కటే కాదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండ కనపడగానే టైటానిక్‌లో ఇచ్చిన ఆజ్ఞ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్". ఓడ తిరిగింది మాత్రం ఎడమకి, తిరగాల్సిందీ ఎడమకే. ఎందుకంటే ఆ రోజుల్లో ఆజ్ఞ చుక్కాని కర్రని ఉద్దేశించి ఇచ్చేవాళ్ళు. 1929లో పలు దేశాలు కూర్చుని సముద్ర భద్రత ఒడంబడిక రాసుకున్నప్పుడు, ఇకనుంచి కుడి అంటే ఓడ కుడికే పోవాలని తేల్చారు. అంత పెద్ద ఓడలు నడిపేవాళ్ళకే మాట ఖాయం చేసుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

మాట ఖాయమయ్యాక తిరిగి చెప్పడం అలవాటు కావాలి. సరంగు "కుడికి పది" (పది డిగ్రీలన్నమాట) అంటే చక్రం దగ్గర ఉన్నవాడు "కుడికి పది" అని పైకి అంటాడు. తిప్పడం అయ్యాక "కుడికి పది ఉందండి" అంటాడు. మొదటిరోజు కుర్రాళ్ళు దీనికి నవ్వుతారు. చిలక పలుకుల్లా ఉందంటారు. రెండో రోజు ఇంజను మోత పెట్టి, పాటల పెట్టె పెట్టి అదే చేయిస్తే నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే మొదటి ఆజ్ఞల్లో సగం తప్పుగా వినబడతాయి.

హారను కూడా మాటే. సెకనుపాటు ఒక్క కూత కూస్తే నేను కుడికి తిరుగుతున్నానని. రెండు పొట్టి కూతలైతే ఎడమకి. మూడైతే ఇంజను వెనక్కి వేశానని. అయిదు లేదా అంతకంటే ఎక్కువ గబగబా కూస్తే, నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం ఉంది జాగ్రత్త అని. అవతల ఏముందో కనపడని మలుపు దగ్గరికి వచ్చేటప్పుడు నాలుగు నుంచి ఆరు సెకన్లు ఒకే పొడవు కూత. అవతల ఇంకో పడవ ఉంటే అదీ పొడవు కూతతో బదులివ్వాలి. పాపికొండల మధ్య నది మెలికలు తిరిగే చోట ఈ పొడవు కూత ప్రాణంతో సమానం. మనవాళ్ళు హారను ఎక్కువగా దేనికి వాడతారో మీకు తెలుసు, పక్క బోటులో తెలిసినవాడు కనపడితే పలకరించడానికి. పైగా డీజే మోగుతున్న బోటులో అవతలివాడి కూత ఎవరికి వినబడుతుంది? మలుపుకి ముందు పాట ఆపించే అధికారం సరంగుకి ఉండాలి, అడక్కుండా ఆపేసే అలవాటు ఆ పాటలవాడికి ఉండాలి.

ప్రయాణికులతో మాట్లాడటం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. పడవ ఒక్కసారి ఊగిందనుకోండి, సరంగు నోటికి ముందుగా వచ్చే మాట "లేవకండి, పరిగెత్తకండి!" మన తెలుగులో వద్దనేది క్రియకి చివర తగులుకుంటుంది. కేకల్లో, పిల్లల ఏడుపుల్లో చివరి అక్షరాలు గాలికి పోతాయి. జనానికి అందేది "లేవ", "పరిగెత్త". చెప్పింది ఒకటి, చేరింది దానికి సరిగ్గా వ్యతిరేకం. అందుకని ఆపదలో వాడే మాటలన్నీ చెయ్యాల్సిన పనిని చెప్పేవే ఉండాలి. "కూర్చోండి." "కమ్మీ పట్టుకోండి." "పిల్లని ఒళ్ళో పెట్టుకోండి." మూడు మాటలకి మించకుండా, మూడేసిసార్లు. గొంతు పెద్దదిగా ఉండాలి, కీచుగా ఉండకూడదు. ఇది తరగతిలో గట్టిగా అరిపించి నేర్పాల్సిన సంగతి, కాగితం మీద రాసిచ్చేది కాదు. పాపికొండలకి వచ్చేవాళ్ళలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు బోలెడుమంది, హైదరాబాదు నుంచి వచ్చే హిందీవాళ్ళూ ఉంటారు. "బైఠ్ జాయియే" అన్న ఒక్క ముక్క నేర్చుకుంటే సరంగుకి పోయేదేమీ లేదు.

జనం కూర్చోవడం ఎందుకంత ముఖ్యమో కేరళ తేక్కడిలో తెలిసింది. 2009 సెప్టెంబరు 30న పెరియార్ జలాశయంలో జలకన్యక అనే రెండంతస్తుల పర్యాటక బోటు బోల్తాపడి 45 మంది చనిపోయారు. ఒడ్డున అడవి జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకి చేరారు. బోటు నిర్మాణంలోనే లోపాలున్నాయన్న మాటా వచ్చింది. లెక్క చూడండి. మనిషికి 60 కిలోల చొప్పున యాభై మంది అంటే 3 టన్నులు. 3 టన్నుల సరుకుని ఎవరైనా చెప్పాపెట్టకుండా రెండు మీటర్లు పక్కకి జరుపుతారా? సిమెంటు బస్తాలైతే కట్టి కదలకుండా చేస్తాం. మనుషుల్ని కట్టలేం కదా. అందులోనూ పై డెక్కు మీద ఉన్న బరువు కింద ఉన్న బరువు కంటే చాలా ఎక్కువ చెడుపు చేస్తుంది, ఎత్తు పెరిగే కొద్దీ పడవ తిరిగి నిటారుగా లేచే శక్తి తగ్గిపోతుంది. పాపికొండల్లో జంతువుల బదులు సెల్‌ఫోను ఫొటోలున్నాయి. ఏ చోట జనం ఒక పక్కకి ఎగబడతారో సరంగుకి ముందే తెలుసు. అక్కడికి చేరే ముందే, "ముందు ఎర్ర కమ్మీ వాళ్ళు చూస్తారు, తర్వాత బోటు తిప్పుతాను, పచ్చ కమ్మీ వాళ్ళు చూస్తారు" అని చెబితే గొడవ ఉండదు. బోటు తిప్పడం అతని చేతిలో పనే.

బరువు లెక్కలోనూ మోసం ఉంది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో లేక్ జార్జి అనే సరస్సు మీద 2005 అక్టోబరు 2న ఈతన్ ఆలెన్ అనే చిన్న పర్యాటక బోటు 47 మంది ప్రయాణికులతో వెళ్తూ బోల్తా పడింది. ఎక్కువమంది పెద్దవయసువాళ్ళు. 20 మంది పోయారు. ఎక్కించినవాళ్ళు అనుమతించిన సంఖ్యకి లోపే. మరి తప్పెక్కడ? మనిషి సగటు బరువు 140 పౌండ్లు, మన లెక్కలో 64 కిలోల లోపు, అన్న పాత కాలపు అంచనా మీద ఆ సంఖ్య నిర్ణయించారు. మనుషులు లావయ్యారు, కాగితం అలాగే ఉండిపోయింది. తర్వాత అక్కడి కోస్టు గార్డు చిన్న ప్రయాణికుల పడవలకి సగటు బరువుని 185 పౌండ్లకి, అంటే 84 కిలోలకి పెంచింది. మన బోట్ల మీద "ప్రయాణికులు 60" అని రాసి ఉంటుంది. ఏ బరువు లెక్కన 60 అని ఏ ప్రయాణికుడూ అడగడు. ప్రయాణికుడు అడగకపోయినా ఫరవాలేదు, సరంగుకి చూపించడానికి బోటు పక్కన ఒక తెల్ల గీత ఉంటే చాలు. గీత నీళ్ళలో మునిగిందా, ఇంకొకరిని ఎక్కించకూడదు. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు సరుకు ఓడలకి ఈ గీత పెట్టించడానికి పోరాడి 1876లో చట్టం తెప్పించాడు. చదువు రానివాడికీ అర్థమయ్యే చట్టం అది.

నది దగ్గరికి ఒక్కసారి వెళ్ళొద్దాం. సరంగులకి నది తెలుసన్నాను. తెలిసినదాన్ని కుర్రాడికి అప్పగించడానికి వాళ్ళకి మాటలు చాలవు, అక్కడ శిక్షణ పనికొస్తుంది. మలుపులో బయటి వారన నీరు లోతు, వడి ఎక్కువ. లోపలి వారన నీరు మందగిస్తుంది, ఒక్కోచోట వెనక్కి కూడా తిరుగుతుంది. ఎగువకి పోయే బోటు సహజంగా ఆ మెత్తటి నీటిని పట్టుకుని పోతుంది. చిక్కంతా అందులోంచి బయటి వడి నీటిలోకి దాటే గీత దగ్గర. అణియం వడిలోకి వెళ్ళింది, అమరం ఇంకా మెత్తటి నీటిలోనే ఉంది. వడి అణియాన్ని పట్టి దిగువకి తిప్పేస్తుంది, బోటు అడ్డం పడుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే జనం "ఏమైంది?" అని లేస్తారు. పాత సరంగు ఆ గీతని నీటి మీద మెరుపునీ నురగనీ చూసి పోల్చుకుంటాడు. దాటే ముందు ఇంజను వడి ఎంత పెంచాలో, ఎంత వాలుగా కోయాలో అతని మోచేతికి తెలుసు. దాన్ని కుర్రాడికి చెప్పమంటే "చూస్తూ ఉండు, నీకే వస్తాది" అంటాడు. వస్తుంది, కాదనను. కానీ ఆ లోపల ఎన్ని వందల మంది ఆ బోటెక్కి దిగుతారు! పైగా పోలవరం ప్రాజెక్టు కట్టడం మొదలయ్యాక ఎగువన నీటి నడక మారింది. తండ్రి దగ్గర నేర్చుకున్న గుర్తులు కొన్ని నీటి కిందకి పోయాయి.

లైఫ్ జాకెట్ల గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను కొంచెమే చెబుతాను. జాకెట్టు ఎక్కే ముందు రేవులోనే తొడిగించాలి. పట్టీలు బిగించని జాకెట్టు నీళ్ళలో మెడ దాటి పైకి పోతుంది, మనిషి కింద ఉంటాడు. పెద్దవాళ్ళ జాకెట్టు పిల్లలకి అక్కరకు రాదు. భోజనాల వేళ "ఉక్కగా ఉందండీ" అని విప్పేసేవాళ్ళు విప్పేస్తూనే ఉంటారు. వడ్డించేవాడికే ఆ పని అప్పజెప్పండి, జాకెట్టు లేనివాడికి విస్తరి వెయ్యనని. మన జనం దగ్గర ఇది పోలీసు కంటే బాగా పనిచేస్తుంది.

జాకెట్టు ఆదుకోని చోటు ఒకటుంది. అన్ని వైపులా మూసిన గదిలో. పడవ మునిగి గదిలోకి నీరు ఎక్కితే జాకెట్టు మనిషిని పైకప్పుకి నొక్కి పట్టేస్తుంది, కిందనున్న తలుపు దగ్గరికి వెళ్ళనివ్వదు. మంటూరు లాంచీలో గాలివాన మొదలయ్యేసరికి చాలామంది లోపలే ఉన్నారు, తలుపులు మూసుకుని ఉన్నారు. వాన పడితే తలుపు మూయడం, పరదా దించడం ఇంట్లో మనకి పుట్టిన అలవాటు. పడవ మీద పరదాలు దించితే గాలికి తెరచాప ఎత్తి ఇచ్చినట్టే. గాలి తోసే జాగా పెరుగుతుంది, బయటికి దూకే దారి మూసుకుపోతుంది. వేసవి సాయంత్రం పడమటి దిక్కున మబ్బు కమ్ముకుందంటే సరంగు చెయ్యాల్సింది పరదాలు పైకి చుట్టించడం, జనాన్ని కింది అంతస్తులో నడిమధ్యకి కూర్చోబెట్టడం, దగ్గర్లోని తిప్పకి బోటుని చేర్చడం. తడిసిన బట్టలు ఆరతాయి.

తిప్పకి చేర్చడం ఎంత మంచి పనో మంటూరు ప్రమాదానికి నాలుగు రోజుల ముందే రుజువైంది. 2018 మే 11న పాపికొండల దారిలోనే ఓ పర్యాటక బోటుకి నిప్పంటుకుంది. బోటుని ఒడ్డుకి చేర్చడంతో ప్రయాణికులందరూ బతికారు. నిప్పు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. వంట గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే బోటు అడుగున చేరి కూర్చుంటుంది. సిలిండరు ఎప్పుడూ పై డెక్కు మీద గాలి ఆడే చోటే ఉండాలి. దీనికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

మనిషి నీళ్ళలో పడ్డప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం చేతులతో నేర్పాల్సిన పాఠం. నేను సరంగులకి పాఠం చెప్పిన ఒక తరగతిలో అడిగాను, "కుడి పక్కనుంచి మనిషి పడ్డాడు. చక్రం ఎటు తిప్పుతావు?" కుర్రాడొకడు తడుముకోకుండా "ఎడమకండీ, ఆయనకి దూరంగా పోవాలి కదా" అన్నాడు. వెనక బెంచీలో కూర్చున్న పెద్ద సరంగు గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, ఎడమకి తిప్పితే అణియం ఎడమకి పోద్ది, అమరం కుడికి వస్తాది. ఫ్యాను ఆయన మీదకే పోద్ది కదరా! పడ్డ పక్కకే తిప్పాలి. ఆయ్, అంతేకదండీ గురువుగారూ?" అంతే మరి. పడ్డ పక్కకే చక్రం తిప్పాలి, వెంటనే ఇంజను న్యూట్రల్‌లో పెట్టాలి. ఒక ఖలాసీకి ఒకటే పని, పడ్డవాడి మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి చూపిస్తూ ఉండటం. అతను తాడు అందుకోకూడదు, గాలి ట్యూబు వెయ్యకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. నీటి మీద మనిషి తల కొబ్బరికాయంతే, ఒక్కసారి చూపు తప్పిందా మళ్ళీ దొరకదు. ఆ తర్వాత గోనెసంచిలో ఖాళీ డబ్బాలు కట్టి నీళ్ళలో వేసి, అందరిచేతా చేయించాం. మొదటి రౌండులో సంచి మీదకే బోటెక్కించినవాళ్ళు ఎక్కువ. పెద్ద సరంగు కూడా రెండోసారికి గానీ సంచిని పక్కకి తెచ్చుకోలేకపోయాడు, దానికి ఆయనే అందరికంటే ముందు నవ్వాడు.

కొండల మధ్య సెల్ సిగ్నలు ఉండదు కాబట్టి వాకీ టాకీ, వీహెచ్ఎఫ్ రేడియో దిక్కు. సముద్రంలో ఆపద పిలుపు పదహారో ఛానలు మీద. "మేడే" అని మూడుసార్లు. తర్వాత బోటు పేరు, ఉన్న చోటు, జరిగింది, మనుషుల సంఖ్య, ఆ వరసలోనే. తీరంలో తిరిగే పడవలకి కోస్టు గార్డు ఫోను 1554. ఈ వరసలో చాలామంది తడబడేది మనుషుల సంఖ్య దగ్గర. టిక్కెట్టు లేని చంటిపిల్లలు, వంటవాళ్ళు, దారిలో ఎక్కించుకున్న చుట్టాలు, ఎవరినీ లెక్కలో వదలకూడదు. కచ్చులూరులో ఎంతమంది ఎక్కారన్న సంఖ్య రోజులు గడుస్తున్నకొద్దీ మారుతూ వచ్చింది. వెతికేవాళ్ళకి ఎంతమంది కోసం వెతకాలో తెలియాలి కదా. అందుకే నేను నేర్పే ఒక్క నిమిషం ప్రసంగం లెక్కతోనే మొదలవుతుంది. వినండి:

"అమ్మా, అయ్యా, నేను ఈ బోటు సరంగుని. పిల్లలతో, మా మనుషులతో కలిపి ఈ బోటులో ఇప్పుడు అరవై ఎనిమిది మందిమి ఉన్నాం. ఈ సంఖ్య రేవులో రాసిచ్చాను. మీ జాకెట్టు పట్టీలు ఒకరివి ఒకరు లాగి చూడండి. ఇటు పచ్చ కమ్మీ, అటు ఎర్ర కమ్మీ. బయటికి దారులు ముందొకటి, వెనకొకటి, చేత్తో చూపించండి. బోటు ఊగితే ఉన్నచోటే కూర్చుని కమ్మీ పట్టుకోండి. ఎవరైనా నీళ్ళలో పడితే పెద్దగా కేకెయ్యండి, వేలితో చూపిస్తూనే ఉండండి. నేను హారను గబగబా కూస్తే పాట ఆగుతుంది, అందరూ నా గొంతు వినండి."

చదివితే నిమిషం పట్టదు. ఇది సరంగు గొంతుతోనే రావాలి, మైకు కుర్రాడి గొంతుతో కాదు. ఆపదలో జనం వినాల్సిన గొంతు ఏదో వాళ్ళ చెవికి ముందే పరిచయం కావాలి.

చట్టాల సంగతి. 1917 నాటి పాత చట్టం పోయి, లోతట్టు జలాల మీద తిరిగే నౌకలకి 2021లో కొత్త చట్టం వచ్చింది. బోటుకి రిజిస్ట్రేషను, తనిఖీ, నడిపేవాళ్ళకి యోగ్యతా పత్రం, బీమా అన్నీ అందులో ఉన్నాయి. పాట్నాలో జాతీయ లోతట్టు నావిక శిక్షణ సంస్థ 2004 నుంచి పనిచేస్తోంది. మన గోదావరి, కృష్ణ నదులు 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో భాగమయ్యాయి. కచ్చులూరు తర్వాత గోదావరి వెంబడి కంట్రోలు రూములు పెట్టారు. ఇవన్నీ మంచివే. అయితే దేవీపట్నం సరంగుని పాట్నా పంపడం కంటే పాఠాన్ని రేవుకి తేవడం తేలిక. పరీక్ష తెలుగులో, నోటితో, బోటు మీద పెట్టాలి. అయిదో తరగతితో చదువు ఆపిన మనిషి కాగితం మీద తప్పి, నీటి మీద అందరికంటే బాగా నెగ్గవచ్చు.

ఇక సరంగు నోటికి నేర్పాల్సిన అన్నిటికంటే కష్టమైన మాట ఒకటి మిగిలింది. "ఈ రోజు బోటు కదలదు." నీటిమట్టం చూశాడు, మబ్బు చూశాడు, లెక్కకి మించి జనాన్ని చూశాడు, వద్దనిపించింది. ఎదురుగా యజమాని ఉన్నాడు, డబ్బు కట్టి బస్సుల్లో వచ్చిన జనం ఉన్నారు. వాళ్ళు అంటారు, "పక్క బోటు వెళ్తోంది కదా!" బోటు కదలదన్న మాట ఎలా అనాలో తరగతిలో నాటకం ఆడించి నేర్పవచ్చు, నేను ఆడించాను కూడా. యజమాని వేషం వేసిన ఖలాసీ భలే రెచ్చిపోతాడు. కానీ పాఠం అయ్యాక ఒక సరంగు పక్కకి పిలిచి అడిగాడు, "బోటు కదలకపోతే నాకు ఆ రోజు బత్తా రాదండీ. వారం రోజులు వద్దంటే నా జాగాలో ఇంకొకడు ఉంటాడు. మీరేం చేస్తారు?" ఆ ప్రశ్నకి శిక్షణలో జవాబు లేదు. జవాబు లైసెన్సు కాగితంలో ఉండాలి. సరంగు రాతపూర్వకంగా వద్దన్న రోజుకి అతనికీ ఖలాసీలకీ పూర్తి కూలి యజమాని ఇవ్వాలని, ప్రయాణికులకి టిక్కెట్టు డబ్బు తిరిగి రావాలని, అలా వద్దన్నందుకు పనిలోంచి తీసేస్తే బోటు అనుమతి రద్దవుతుందని. మూడు వాక్యాలు. వరద తగ్గి బోట్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టే లోపల అధికారులు రాయగలిగినవే. శిక్షణ తరగతి పెట్టినప్పుడు మొదటి వరసలో యజమానుల్ని కూర్చోబెట్టి, ఆ మూడు వాక్యాలూ వాళ్ళచేతే చదివించాలని నా మనవి.